రెండు ముళ్లూ చెప్పిన ఒకే అబద్ధం

1957 వానాకాలం. మద్రాసు నుంచి హైదరాబాదుకు సరుకు చేరవేసే డకోటా విమానంలో నేను కో-పైలట్‌ని. కెప్టెన్ ఖాదరన్నది నంద్యాల, నాది ఆళ్లగడ్డ. కాక్‌పిట్‌లో ఇద్దరమే ఉన్నప్పుడు మా ఊరి మాటే మాట్లాడుకునేవాళ్లం.

ఆ మధ్యాహ్నం నల్లమల మీద కుండపోత వానలో చిక్కుకున్నాం. నాలుగు వైపులా తెల్లటి మబ్బే. పైకి ఎక్కి దాన్ని దాటుదామని ఖాదరన్న విమానం ముక్కు ఎత్తాడు. ఎక్కే విమానానికి వేగం తగ్గాలి. కానీ వేగం చూపే ముల్లు పెరగసాగింది.

"నీదాంట్లో ఎట్లుందప్పా?"

"నాదీ పెరుగుతాందన్నా."

రెండు డయళ్లూ ఒకే మాట చెబుతుంటే ఎవరైనా నమ్ముతారు. వేగం తగ్గించాలని ఖాదరన్న ముక్కు ఇంకా ఎత్తి, ఇంజన్ల జోరు తగ్గించాడు. వెంటనే హారన్ మోగింది. చక్రాలు దించకుండా జోరు బాగా తగ్గిస్తే మోగే హెచ్చరిక అది. ఆ మోతలోనే నాకొకటి తట్టింది. అద్దాలను ఒరుసుకుంటూ పోయే గాలి హోరు సన్నగిల్లిపోయింది. ముల్లు మాత్రం నెమ్మదిగా పైకి జరుగుతూనే ఉంది.

"అన్నా, గాలి చప్పుడు యాడ?"

ఆయన చెవి ఒగ్గి విన్నాడు. అంతలో కాళ్ల కింద విమానం వణికింది. వేగం చాలక పడిపోయే ముందు వచ్చే వణుకు అది.

"ముల్లు నమ్మాకు!" అంటూ ముక్కు దించి, ఇంజన్లకు జోరిచ్చాడు. హోరు తిరిగొచ్చింది. కానీ కిందికి దిగేకొద్దీ రెండు ముళ్లూ సున్నా వైపు జారసాగాయి. వాటిని చూస్తే, పడిపోతున్నామనే అనిపిస్తుంది. అన్న రుమాలు తీసి తన డయల్ కప్పేశాడు.

"నీది గూడా కప్పు. చూస్తే చెయ్యి ఆగదు, ముక్కు ఇంకా దించేస్తాది."

నేను టోపీ అడ్డం పెట్టాను. ముక్కు ఎత్తు చూపే హొరైజన్ పరికరాన్నీ, ఇంజన్ల జోరునూ నమ్ముకుని దిగాం. కింద అహోబిలం కొండలు ఎక్కడున్నాయో తెలియదు. మబ్బు చిరిగి కుందూ నది, తడిసిన నల్లరేగడి కనిపించాక అన్న కిందికి చూపించాడు.

"మీ ఊరి పక్కేనప్పా."

హైదరాబాదులో గాలి హోరు వింటూనే దించాడు. మెకానిక్ పిటాట్ గొట్టాలు ఊడదీశాడు. ఎదురుగాలిని పట్టి వేగం చెప్పేవి అవే. రెండింట్లోనూ నీళ్లు నిలిచాయి. గొట్టం మూసుకుపోతే ముల్లు వేగాన్ని వదిలేసి, విమానం ఎత్తుతో పాటు ఎక్కుతుంది, దిగుతుంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎగిరాను. రెండు డయళ్లు ఏకమైనంత మాత్రాన మళ్లీ ఎన్నడూ నిశ్చింతగా కూర్చోలేదు. రెండూ ఒకే వానలో తడిసి ఉండొచ్చు.