శుక్రవారం టీచరు కావాలా, వద్దా

అది శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల అయిదు నిమిషాలు. చర్చ నాలుగుకే మొదలుపెట్టాలి. అయిదు నిమిషాలు ఆలస్యం చేసింది నేనే, అందుకే రాస్తున్నాను. ఇంట్లోవాళ్లంతా మధ్యాహ్నం మచ్‌బూస్ అన్నం తిని పడుకున్నారు. గిన్నెలు తోమి, పొయ్యి తుడిచి, వీడియో కాల్‌కు బియ్యం డబ్బాకు ఆనించి ఫోను నిలబెట్టాను. కువైట్‌లో ఆ ఇంట్లో నేను వంటమనిషిని.

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి, ఆ వంటింట్లోనే, ఫోనులో. కడపలో ఉండే ఒక టీచరు నేర్పింది. నోటుబుక్కు మీదికి ఫోను పట్టుకోమనేది. "అమ్మా, పెన్ను గరిటె పట్టినట్టు పట్టుకుంటాండావు" అని నవ్వేది. ఇప్పుడు దూరవిద్యలో పదో తరగతి చదువుతున్నాను. కువైట్‌లో నాలాంటివాళ్లం ఏడుగురం. ప్రతి శుక్రవారం ఒక గంట ఆమె మాకు పాఠం చెబుతుంది. ఆమె లేకపోతే లెక్కల పుస్తకం నాకు గోడతో సమానం.

ఆ వారం మా దూరవిద్య ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. పాఠాలన్నీ వీడియోలుగా పెట్టాం, ఇక ట్యూటరు అవసరమా కాదా అని మీరే ఆన్‌లైన్‌లో పద్ధతిగా చర్చ జరపండి, ఓట్ల ఫలితం, హాజరైనవాళ్ల జాబితా శుక్రవారం సాయంత్రంలోగా పంపండి, దాన్నిబట్టి శుక్రవారం క్లాసు ఉంచడమో తీసెయ్యడమో చేస్తాం అని. కింద నియమాలు, వాటిని కాగితం మీద ఎక్కించుకున్నాను. కావాలని ఒకరు, వద్దని ఒకరు మాట్లాడాలి. ఎవరు ఏ వైపో చీటీ వేసి తేల్చాలి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. వినేవాళ్లు ఓటు వేయాలి. టీచరు వినవచ్చు, నోరు విప్పకూడదు. అధ్యక్షులు తమ అభిప్రాయం చెప్పకూడదు. వయసులో పెద్దదాన్నని నన్ను అధ్యక్షురాలిని చేశారు.

వద్దు అనే చీటీ కోనసీమ డ్రైవరుకు వచ్చింది. వారంలో మూడుసార్లు టీచరుకు ఫోను చేసేది అతనే.

"ఏవండీ పెద్దమ్మగారూ, నేనెలా వద్దంటానండీ? మొన్న త్రిభుజాల పాఠంలో మునిగిపోతుంటే ఆవిడేనండీ లాగింది."

"చీటీలో ఏముంటే అది చెప్పు నాయనా."

"అంటే అబద్ధం చెప్పమంటారా?"

నేను నియమాల కాగితం మళ్లీ చదివాను. అబద్ధం సంగతి అందులో ఎక్కడా లేదు.

"దాని గురించి ఏమీ రాయలా. యల్లా, మొదలుపెట్టు."

నీడలో కారు ఆపుకొని, స్టీరింగు ముందు కూర్చుని మాట్లాడాడు. మొదట నసిగాడు. తర్వాత రుచి దొరికింది. "టీచరైతే ఒకసారి చెప్తారండి. వీడియో వందసార్లు చెప్పుద్దండి, ఇసుక్కోదండి. నిన్ననే చెప్పాను కదా అనదండి. ఆపితే ఆగుద్దండి. నాకు పనిచ్చిన కఫీల్‌కి కూడా అలాంటి బటన్ ఉంటే బాగుండునండి!" అందరూ పగలబడి నవ్వారు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అధ్యక్షులు నవ్వకూడదని రాయలేదు.

కావాలి అనే చీటీ అమ్ఘరాలో పాత ఇనుము కోసే మనిషికి వచ్చింది. మా కడప వైపువాడే. వెనక కటింగ్ మిషను గీపెడుతోంది.

"టీచరమ్మ కావాల," అన్నాడు. ఆగిపోయాడు.

"ఇంకా నాలుగు నిమిషాలుండాయి. మాట్లాడు."

"కావాల్సినదాన్ని కావాలని ఎన్నిసార్లు చెప్పేది పెద్దమ్మా?"

అక్షరం ఆలస్యంగా వచ్చినదానికి కాగితం మీది మాటంటే భయం. అయిదు నిమిషాలని ఉంది కాబట్టి అయిదు నిమిషాలూ కానిచ్చాను. మిగతా నాలుగు నిమిషాలు మేమంతా అతని ముఖం చూస్తూ కూర్చున్నాం. అతను మా ముఖాలు చూశాడు. మిషను అరుస్తూనే ఉంది.

ఓట్లు అడిగాను. ఖైతాన్‌లో ఉండే దర్జీ దంపతులు ఒకే ఫోనులోంచి రెండు చేతులెత్తారు. "మా కోనసీమాయనండీ, ఆయనకే." సిటీలో ఆఫీసులు తుడిచే ఆమె, "అన్న బాగా నవ్వించినాడు, ఆయనకే" అంది. రాయచోటి వైపు నుంచి వచ్చి ఇంటిపని చేసే పిల్ల ఒక్కతే ఇనుము మనిషికి వేసింది. "పాపం అనిపించిందిక్కా," అంది.

"ఖలాస్, అయిపోయింది. మూడు, ఒకటి. టీచరు వద్దు అనేది గెలిచింది," అన్నాను.

ఆ పిల్లే అడిగింది. "అంటే వచ్చే శుక్రవారం టీచరమ్మ రాదా అక్కా?"

"అదేంటండీ! నేను చీటీ ప్రకారం చెప్పానండీ!" డ్రైవరు కారులో ఎగిరిపడ్డాడు.

"మేం ఈయన మాటకారితనానికి ఏశామండీ. టీచర్ని తీసెయ్యమనా?" అంది దర్జీ భార్య.

"తమాషా చూసినారు కదా, ఇప్పుడు ఏడవండి," అన్నాను. కోపం వాళ్ల మీదో నా మీదో తెలియలేదు. కాగితం తిరగేశాను. రెండోసారి ఓటు వేయవచ్చని లేదు. ఏ నియమమూ తప్పలేదు. అయినా ఒక్కరికీ అక్కరలేని ఫలితం వచ్చింది. ఎక్కడ తప్పిందో నాకు అంతుపట్టలేదు, ఇప్పటికీ పట్టలేదు. ఎప్పుడు తోచకపోయినా టీచరునే అడగడం అలవాటు. "నువ్వు చెప్పు తల్లీ," అన్నాను. ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

పైనుంచి మామా, ఆ ఇంటి యజమానురాలు, టీ అడిగింది. నీళ్లు మరిగేలోగా నోటుబుక్కు తీశాను. మూడు, ఒకటి అని ఉన్నదున్నట్టు రాశాను. దాని కింద హాజరైనవాళ్ల జాబితా. అందులో పేర్లు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమాల్లో లేదు. "ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పండి, కావాలా వద్దా?" అన్నాను. చెప్పింది చెప్పినట్టు పేరు పక్కన ఎక్కించాను. ఫోటో తీసి పంపాను. అది నియమమో, నియమం తప్పడమో నాకు తెలియదు.

ఆఫీసు నుంచి జవాబు రాలేదు. తర్వాతి శుక్రవారం టీచరు మాత్రం వచ్చింది. వాళ్లు పంపారా, తనంతట తాను వచ్చిందా అని నేను అడగలేదు. లెక్కలు తీయమంది, తీశాను.

పేర్లు తీసేసి ఆ జాబితాను ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. కోనసీమ డ్రైవరు, కావాలి. అమ్ఘరా ఇనుము మనిషి, కావాలి, ఇంతకుముందే చెప్పాను అన్నాడు. ఖైతాన్ దర్జీ, కావాలి. దర్జీ భార్య, ఆయనకంటే నాకే ఎక్కువ కావాలి. ఆఫీసులు తుడిచే ఆమె, కావాలి. ఇంటిపని చేసే పిల్ల, కావాలి. టీచరు, వచ్చింది, మాట్లాడలేదు. వంటమనిషి, అధ్యక్షురాలు, అభిప్రాయం చెప్పకూడదు.