ఒట్టు పెట్టని ఇల్లు

నోటరీ బల్ల మీద స్టాంపు ప్యాడు సిరా వాసన. అమ్మ పోయాక వారసుల సర్టిఫికెట్ కోసం సంగారెడ్డి కలెక్టరేట్ దగ్గర కూచున్నాను. టైపు చేసిన కాగితంలో మొదటి మాటే 'ప్రమాణం చేసి' అని ఉంది.

మా ఇంట్లో ఎవరూ ఒట్టు పెట్టరు. మాది మెన్నోనైట్ క్రైస్తవ సంఘం. మా పెద్దలు పాలమూరులో, రష్యా నుంచి వచ్చిన దొరల దగ్గర ఈ విశ్వాసం నేర్చుకున్నారు. ఆ దొరల పూర్వీకులను వందల ఏళ్ల కింద, కత్తి పట్టం, ఒట్టు పెట్టం, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం అన్నందుకు నదుల్లో ముంచి చంపారట. అమ్మకు తెలిసిన చరిత్ర అంతే.

ఎనభైల చివర పాశమైలారం పక్క ఊళ్లో ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. బతుకమ్మ ముందర, పొద్దున తంగేడు పూల వాసన, సాయంత్రం ఫ్యాక్టరీల పులిసిన వాసన వచ్చే రోజుల్లో, అమ్మ కలుపుకు పోయే పటేల్ ఇంట్లో వెండి కడియం పోయింది.

"భవానమ్మ మీద ఒట్టు పెట్టు సువార్తా, ఇడిసిపెడ్త," అంది పటేలమ్మ అమ్మతో.

"తియ్యలేదు పటేలమ్మా. ఒట్టు మాత్రం పెట్ట."

"మీ బైబిలు మీదన్న పెట్టరాదే," అంది తోటి కూలి ఒకామె.

"దాని మీద గుడ పెట్టం. ఒట్టు వద్దని అండ్లనే ఉన్నది."

"గట్లనా. ఇగ నీ దేవునికి గుడ నీ మీద నమ్మకం లేనట్టుంది."

ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత అమ్మను ఎవరూ పనికి పిలవలేదు. పండుగ నాడు ఊరంతా సద్దుల వాసన, మా ఇంట్లో జొన్న గట్క, పచ్చిపులుసు.

మా సంఘంలో బుద్ధి తెలిసినాకే బాప్తిస్మం. నాకింకా కాలేదు కాబట్టి ఒట్టు నాకు అంటదనుకున్నాను. పటేలమ్మ దేవునర్రలో దీపం ముందు చెయ్యి చాపి, "మా అమ్మ తియ్యలే, ఒట్టు," అన్నాను. ఆమె నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, "రేపటి సంది అమ్మను రమ్మను," అంది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ తిట్టలేదు. "నా మాట సాల్లేదా బిడ్డా?" అంది.

ఆమె మళ్లీ పటేల్ చేనుకు పోలేదు. మందుల ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి కుదిరింది. ఇరవై ఏళ్లు ఆమె చీరను ఆ పులిసిన వాసన వదల్లేదు. ఆ ఏడు దీపావళికి పటేల్ ఇంటికి సున్నం వేస్తుంటే కడియం వడ్ల గుమ్మి కింద దొరికింది. పటేలమ్మ మెచ్చుకున్నది నా ఒట్టును.

ఇప్పుడా చేను లేదు, గోదాముల గోడ ఉంది. పటేలమ్మ లేదు. అమ్మ లేదు.

'ప్రమాణం' అన్న మాట తీసేయమని నోటరీని అడిగాను.

"ఏందమ్మా, రాసింది అబద్ధమా?"

"నిజమే. నిజమని చెప్తున్న అని రాయుండ్రి, సాలు."

మళ్లీ టైపు చేయాలి, గంట పడుతుందన్నాడు. కూచుంటానన్నాను.