అక్క ముట్టని చేప

చేపల వేటకెళ్లిన బావ ఆర్యపల్లి సముద్రంలో గల్లంతయ్యాక అక్క మళ్లీ చేప ముట్టలేదు. వితంతువులపై రుద్దే మూఢాచారాలను సభల్లో దుయ్యబట్టే నాకు, వితంతువు చేప తినరాదనే ఆచారం నా ఇంట్లోనే సాగడం అవమానంగా ఉండేది.

మొన్న బరంపురంలో కొత్తగా తెరిచిన జపాన్ నూడుల్స్ హోటల్‌కు ఆమెను తీసుకెళ్లాను. చేపల రసంతో బాగా కారంగా చేసే నూడుల్స్ తెప్పించి, కూరగాయలవని అబద్ధమాడాను. కారానికి కళ్లు తుడుచుకుంటూనే అక్క గిన్నె ఖాళీ చేసింది.

"బాగుందిరా తమ్ముడా."

"అది సేపల రసమే అక్కా! ఏటయిపోనాది నీకిప్పుడు?" అన్నాను, గెలిచిన గర్వంతో.

ఆమె చెంచా కింద పెట్టింది.

"ఆసారమని నీకెవుడు సెప్పాడ్రా? మీ బావ శవం దొరకనేదు. ఆయన్ని ఏ సేపలు తినీసాయో అని నాను ముట్టను."

ఆచారాన్ని ఖండించడానికి నా దగ్గర వంద వాదాలున్నాయి. చేప ఎందుకు తినడం లేదని మాత్రం ఇన్నేళ్లలో అక్కను ఒక్కసారీ అడగలేదు.