పడగ్గదిలో గోధుమలు

ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్స్‌లో ఇంద్రాణికి వాసనల ఆంటీ అని పేరు. ఎవరింటికి పిలిచినా గడప దాటగానే ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి, ఆ తర్వాతే కూర్చుంటుంది. కాస్త చనువున్న ఇల్లయితే పడగ్గదిలోకి కూడా తొంగి చూస్తుంది. కొత్తగా కాపురానికొచ్చిన ఆడపిల్లలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ పాపం. తన ముక్కును తాను నమ్మకుండా ఆమె గడిపిన ఆ వానాకాలం సంగతి వాళ్ళకేం తెలుసు?

అది రెండువేల ఐదు, ఇప్పటికి నాలుగేళ్ళ కిందటి మాట. ఇంద్రాణికి అప్పుడు రెండో నెల. భర్త వీరాంజనేయులు సైన్యంలో హవల్దారు, ఆఫీసులో గుమాస్తా పని. ఇద్దరిదీ కందుకూరు వైపు. అంతకు రెండేళ్ళ ముందు, క్వార్టరు ఇంకా రాక ఘాజియాబాద్‌లో ఒంటిగది అద్దెకు తీసుకున్నప్పుడు, ఒకసారి కడుపు నిలిచి మూడో నెలలో పోయింది. ఆ గదిలోనే పొయ్యి, అందులోనే మంచం, మంచం కింద అత్తగారు లారీకి వేసి పంపిన పాతబియ్యం బస్తా. అన్నం వాసన తగిలితే చాలు, ఇంద్రాణికి డోకొచ్చేది. టీలో ముంచిన తెల్ల బ్రెడ్డు ఒక్కటే కడుపులో ఆగేది. దాంతోనే నెట్టుకొచ్చింది.

కడుపు పోయాక అత్తగారు కాంతమ్మ ఫోనులో తేల్చేసింది. "ఆ మైదా ముక్కలు తిని బిడ్డని ఎండబెట్టింది," అని. అలాంటిదేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. కానీ డాక్టరమ్మ ఒక్కసారే చెప్పింది, కాంతమ్మ వారం వారం చెప్పింది. వీరాంజనేయులు ఫోను చెవికి ఆనించుకుని ఊ కొట్టేవాడు. పోనుపోను ఇంద్రాణికి కూడా అదే నిజమనిపించింది. బేకరీ ముందు నుంచి నడవాల్సి వస్తే తల వంచుకుని నడిచేది.

ఈసారి కడుపు నిలిచిన కొత్తల్లోనే యూనిట్ ఆడవాళ్ళ మీటింగులో ఒకావిడ ఆహారం గురించి మాట్లాడింది. తొలి నెలల్లో మైదా తగ్గించి పొట్టుతో ఉన్న గింజలు తింటే మంచిదని చెప్పింది. ఏదీ ఇమడనప్పుడు మాత్రం ఏది ఇమిడితే అదే తినమంది. ఇంద్రాణి ఇంటికొచ్చి రెండూ చెప్పింది, వీరాంజనేయులు మొదటిదే విన్నాడు. పటాలంలో మనిషి కదా, సలహాకీ ఆర్డరుకీ తేడా తెలీదు. మర్నాటి నుంచి ఇంట్లోకి బ్రెడ్డు రావడం బందు.

హర్యానాలో పొలాలున్న తోటి జవాను ద్వారా గోధుమలు తెప్పించాడు. మందు చుక్క తగలని గింజలని వచ్చినవాళ్ళందరికీ గుప్పిట్లో పోసి మరీ చూపించాడు. వంటింటి గోడ చెమ్మగా ఉందని రేకు డ్రమ్మును పడగ్గదిలో, ఇంద్రాణి తలవైపు పెట్టాడు. కావలసినప్పుడల్లా తనే సంచిలో పోసుకుని చక్కీకి మోసుకెళ్ళి పిండి పట్టించుకొచ్చేవాడు. ఆ పిండిని జల్లించనిచ్చేవాడు కాదు, తవుడు పోతే బలం పోతుందట. పొద్దున గోధుమరవ్వ, మధ్యాహ్నం రొట్టె, రాత్రికి జొన్న సంగటి. ఆ రొట్టె గరుగ్గా గొంతుకు అడ్డం పడేది. నీళ్ళు తాగి మింగేది. వాంతయితే మొహం కడుక్కుని మళ్ళీ కంచం ముందు కూర్చునేది. ప్రాయశ్చిత్తం అనుకుని తినేది.

"తిను ఇంద్రా. నీకోసం కాదు, బిడ్డ కోసం," అనేవాడు. డ్యూటీకి వెళ్ళేముందు పిండి తనే కలిపి, తడిగుడ్డ కప్పి వెళ్ళేవాడు. చెడ్డవాడు కాదు. అక్కడే వచ్చింది చిక్కు. చెడ్డవాడైతే ఆమె ఎప్పుడో ఎదురు తిరిగేది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒకరోజు పిండిలో ముక్కపురుగులు కదిలాయి. మందు తగలని గింజకు పురుగు పట్టక ఏం చేస్తుంది? వీరాంజనేయులు మొహం మాడిపోయింది.

"ఎండబోస్తాలే. నువ్వు డ్రమ్ము జోలికి పోబాక, బరువు," అన్నాడు.

తర్వాత పట్టించిన పిండిలో పురుగు లేదు. ఈ మధ్యలో ఎండ కాసింది ఎప్పుడా అని ఇంద్రాణికి అనిపించింది. అడగలేదు. పురుగు పోయింది, అంతే చాలనుకుంది.

వాసన మొదలైంది ఆ తర్వాతే. కుళ్ళిన వెల్లుల్లికి ఎండుచేప తోడైనట్టు, ఉండీ లేనట్టు, కిటికీలు మూసిన గదిలో తలగడ దగ్గరే తిరుగుతోంది. ఇంద్రాణి మంచం మీద లేచి కూర్చుంది. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. ఘాజియాబాద్ గదిలో బిడ్డ పోవడానికి ముందు అచ్చం ఇదే వాసన. అది తన ఒంట్లోంచి వచ్చేదని, కడుపు నిలవదని ముందుగా చెప్పే కబురని ఆమె ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకుంది. ఇప్పుడు మళ్ళీ వచ్చింది. అంటే ఈ బిడ్డ కూడా.

రోజుకు మూడుసార్లు తలంటుకుంది. చీరలు వాసన చూసుకుంది, అరచేతులు చూసుకుంది. ఎవరికైనా చెబితే నిజమైపోతుందేమోనని నోరు కట్టేసుకుంది. చివరికి ఒక పొద్దున, అతను బూట్లు కట్టుకుంటుంటే ఉండబట్టలేక అనేసింది.

"ఏమండీ, ఏందో వాసనొస్తంది."

అతని చేతులు ఆగాయి. "ఏం వాసన?"

"కుళ్ళిన ఎల్లుల్లి వాసన. పోయినసారి కూడా ఇట్టాగే వచ్చింది. నాకు భయంగా ఉందండీ."

"వేవిళ్ళు," అన్నాడు మెడ రుద్దుకుంటూ. "మా అమ్మనడుగు, అందరికీ అంతే." ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం డ్రమ్ము మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి కప్పాడు. దుమ్ము పడుతుందట.

తర్వాత చక్కెర డబ్బాకు చీమలు రావడం మానేశాయి. ట్యూబులైటు దగ్గర కాపురమున్న బల్లి డ్రమ్ము పక్కన వెల్లకిలా పడి ఉంది. ఇంద్రాణి దాన్ని చీపురుతో ఊడ్చి పారేసి, అపశకునమని ఏడ్చింది. శకునాలు వెతుక్కునే బదులు ఆ దుప్పటి లాగి, మూత తీసి చూసుంటే ఎంత బాగుండేది. కానీ తప్పంతా తన ఒంట్లోనే ఉందని రెండేళ్ళుగా చెప్పించుకున్న మనిషికి డ్రమ్ము మీద అనుమానం ఎలా వస్తుంది? తలనొప్పని వీరాంజనేయులు మాత్రలు మింగుతున్నాడు. ఆఫీసులో ఆడిట్ ఒత్తిడి అన్నాడు.

ఆ ఆదివారం కుండపోత వాన. మధ్యాహ్నం భోంచేసి అతను పడగ్గదిలో తలుపు, కిటికీలు బిగించుకుని పడుకున్నాడు. నిద్ర పట్టక ఇంద్రాణి వరండాలో స్టూలు వేసుకుని కూర్చుంది, చేయి పొట్ట మీదే ఉంది. పక్క క్వార్టరు గౌరి వాళ్ళది గఢ్వాల్. వేడి పకోడీలు గిన్నెలో తెచ్చి, వంటింట్లో పెడదామని లోపలికి వెళ్ళబోయి హాల్లోనే ఆగిపోయింది.

"దీదీ, ఇంట్లో ఏం కుళ్ళింది?" అని హిందీలో అడిగింది.

ఇంద్రాణి స్టూలు మీంచి లేచింది. "నీకూ వస్తోందా?"

"రాకేం? నాకు ముక్కు లేదా? పడగ్గదిలోంచే వస్తోంది."

ఇంద్రాణి పడగ్గది తలుపు వైపు చూసింది. గౌరికి వస్తోందంటే అది తన ఒంటి వాసన కాదు. తన కడుపుది కాదు. ఆ మాట మనసులో పూర్తి కాకముందే లోపల ఏదో దబ్బున పడింది. తలుపు తోసేసరికి వీరాంజనేయులు మంచం పక్కన నేల మీద వాంతి చేసుకుంటున్నాడు. ఒళ్ళంతా చెమట, పెదవులు పాలిపోయాయి. ఆ గదిలో ఊపిరి పీల్చడం కూడా కష్టంగా ఉంది. ఇద్దరూ ముక్కులకు కొంగు అడ్డం పెట్టుకుని, అతన్ని చంకల కింద పట్టి వరండాలోకి ఈడ్చుకొచ్చారు. గౌరి భర్త పరుగున వెళ్ళి బండి తెచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువేమీ అడగలేదు. వాసన సంగతి విని, "ఇంట్లో ధాన్యంలో గోలీలు వేశారా?" అన్నాడు. పురుగు చావడానికి గోదాముల్లో వేసే విషపు గోలీలు. చెమ్మ తగిలితే గాలిలోకి విషం వదులుతాయి. ఆక్సిజన్ గొట్టం కింద వీరాంజనేయులు కళ్ళు మూసుకుని తలూపాడు. ఊళ్ళో బియ్యంలో వేపాకు వేసినట్టు ఓ గుప్పెడు గుడ్డలో మూటగట్టి, గాలాడాలని మూత సందు వదిలాడట. డాక్టరు ఇంద్రాణి వైపు తిరిగి, పొట్ట మీదున్న ఆమె చేతిని చూశాడు.

"మీరూ ఆ గదిలోనే పడుకుంటున్నారా? ఎన్నో నెల?"

స్కానింగు గదిలో ఆమె తెరవైపు చూడలేకపోయింది. టెక్నీషియన్ చూడమంటే చూసింది. బియ్యపుగింజంత మినుకు కొట్టుకుంటోంది. ఇప్పటికి బాగానే ఉందని, కనిపెట్టుకుని ఉండాలని చెప్పారు. ఆ మినుకే భానుశ్రీ, ఇప్పుడు నర్సరీకి వెళ్తోంది. కానీ ఆ సాయంత్రానికి అది ఇంద్రాణికి తెలియదు. గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మొహం కడుక్కుని వార్డులో అతని పక్కన కూర్చుంది. ప్రమాదం తప్పిందన్నారు. అతను గొట్టం కాస్త పక్కకు తీశాడు.

"మందు లేని గింజలని ఊరంతా చెప్పుకున్నా. మళ్ళీ నేనే మందేశానని నీకెట్టా చెప్పేది? తెలిస్తే తినవు," అన్నాడు. "రెండ్రోజుల్లో పోద్దనుకున్నా ఇంద్రా."

కిటికీ బయట వాన తగ్గింది.

"ఘాజియాబాద్‌లో మంచం కింద బియ్యం బస్తా ఉండేది," అంది.

అతను పైకప్పు వైపు చూశాడు.

"అందులో కూడా వేశారా?"

పక్క మంచం మీది రోగి దగ్గాడు. నర్సు వచ్చి ఆ రోగికి నీళ్ళిచ్చి వెళ్ళింది.

"రెండే," అన్నాడు వీరాంజనేయులు.

ఆ బిడ్డ అందువల్లే పోయిందని ఏ డాక్టరూ తేల్చలేదు, తేల్చలేరు కూడా. కానీ రెండేళ్ళపాటు కాంతమ్మ బ్రెడ్డు ముక్కని తిడుతుంటే ఈ మనిషి ఫోను పట్టుకుని ఊ కొట్టాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఇంద్రాణికి ఈసారి ఏడుపు రాలేదు.

మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని గౌరి క్యాంటీన్‌లో కొన్న బ్రెడ్డు ప్యాకెట్టు ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళింది. తెల్ల బ్రెడ్డు. ఇంద్రాణి ప్యాకెట్టు చించి ఒక ముక్క తీసింది. నెమ్మదిగా నమిలింది, మింగింది, ఇంకొకటి తీసింది. వీరాంజనేయులు తల గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి," అంది.