యాభై మంది బావల క్లాసులో

మా చెల్లెలి మనవరాలు ఈ మధ్యనే ఇంజనీరింగులో చేరింది. కాలేజీ సబ్బవరం అవతల, బస్సేమో మా సీతమ్మధార మలుపులోనే ఆగుతుంది కాబట్టి మా ఇంట్లోనే ఉంటోంది. మొన్న పొద్దున్న నాచేత జడ వేయించుకుంటూనే ఫోనులో ఎవరినో "లే బ్రో, బస్సొచ్చేస్తంది" అని తొందరపెడుతుంటే, పాపం ఎవరో బద్ధకపు కుర్రాడనుకున్నాను. తీరా చూస్తే అవతల ఉన్నది ఆడపిల్ల. ఆడపిల్లని బ్రో అంటావేమిటే అని కోప్పడబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగేసి నవ్వుకున్నాను. కోప్పడే అర్హత నాకెక్కడిది? మీలో నా ఈడువాళ్లకి చెబితే నమ్ముతారో లేదో గాని, పదిహేడేళ్లప్పుడు ఈ ఊళ్లోనే నేనొక క్లాసు మొత్తానికి బావని.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నాన్న పోర్టులో గుమాస్తా, అమ్మ నర్సు. నాకు మెకానికల్లో సీటొచ్చిందని ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెబితే, బయటికొచ్చాక అమ్మని అభినందించినవాళ్లకన్నా ఓదార్చినవాళ్లే ఎక్కువ. పెదనాన్నయితే పనిగట్టుకుని ఇంటికొచ్చి మరీ కూర్చున్నారు. ఆడపిల్ల చక్కగా ఫ్యాను కింద కూర్చుని చేసుకునే ఉద్యోగం చూసుకోవాలిగాని ఈ ఇనప గోల మనకెందుకు, దసరా సెలవుల్లోపు బ్రాంచి మార్చుకోవచ్చట, మార్పించెయ్యి అని నాన్నకి హుకుం. నాకా, చిన్నప్పటినుంచీ హార్బరులో క్రేన్లు చూసీ చూసీ, అంతేసి బరువు అంత తేలిగ్గా ఎలా లేస్తుందో తెలుసుకోవాలనే పిచ్చి. ససేమిరా అన్నాను.

అన్నానేగాని, క్లాసులోకి వెళ్లాక నా ధైర్యం కాస్తా నీరుగారిపోయింది. యాభై మంది మగపిల్లలు, నేనొక్కతిని. మన వైపు మగవాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది, పరిచయమైన మరునిమిషమే వరస కలిపేస్తారు. టెక్కలి నుంచి వచ్చినవాడూ పాడేరు నుంచి వచ్చినవాడూ వారం తిరక్కుండా ఒకరికొకరు బావలైపోయారు. నాకు మాత్రం "ఏవండీ". చెడ్డపిల్లలు కారు, నేనంటే భయం, అంతే. నేను వస్తుంటే కబుర్లాగిపోయేవి, బెంచీ ఖాళీ అయిపోయేది, అంత మర్యాద నా పగవాళ్లకి కూడా వద్దు. పైగా ఏ క్లాసు ఎక్కడ, ఏ మాస్టారు ఏమడుగుతారు అన్న సమాచారమంతా క్యాంటీనులో బావా బావా అంటూనే తిరిగేది. ఆ దారిలో నాకు చోటులేదు. ఒకరోజు క్లాసు వేరే గదికి మారిందని తెలియక, ఖాళీ హాల్లో ఒక్కదాన్నే పుస్తకం తెరుచుకుని గంటసేపు కూర్చున్నాను. ఊడ్చే ఆవిడ వచ్చి, ఎవరికోసమమ్మా అనడిగితే ఏడుపొచ్చేసింది.

ఆ సాయంత్రమే, బ్రాంచి మార్పించెయ్యి నాన్నా, నావల్ల కాదు అని చెప్పేశాను. నాన్న బతిమాలలేదు, తిట్టలేదు. సరే, వచ్చే ఆదివారం పెదనాన్నని రమ్మంటానులే అన్నారు. గెలిచింది పెదనాన్నే కదా అని రాత్రి అన్నం సయించలేదు.

ఆ వారమే వర్క్‌షాపులో కొలిమి పని మొదలైంది. గుండ్రటి ఇనపచువ్వని ఎర్రగా కాల్చి, దాగలి దిమ్మ మీద పెట్టి, నలుపలకలుగా సాగగొట్టాలి. ఒకరు పట్టుకారుతో పట్టుకుంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టాలి కాబట్టి హాజరు పట్టీ వరసలో ఇద్దరిద్దరిని జత చేశారు. నా తరవాతి నంబరు అబ్బాయి సముద్రం ఒడ్డు పిల్లాడు, వాళ్లింట్లో తరతరాలుగా చేపలవేటే, చదువుకి గడపదాటినవాడు అతనే మొదలు. నువ్వు చూస్తుంటే చాలమ్మా, మార్కులు వేసేస్తాను అన్నారు మాస్టారు. పోయేదాన్ని ఎలాగూ పోతున్నాను, కొట్టే పోతానని సమ్మెట అందుకున్నాను. ఆ అబ్బాయి చువ్వని తీసి దాగలి మీద పెట్టి, నా మొహం చూసి, తల దించుకుని, గొంతు సవరించుకుని, "ఏవండీ, మీరు కొంచెం ఇక్కడ కొట్టండి" అనేవాడు. ఆ మర్యాదంతా పూర్తయ్యేసరికి ఇనుము నల్లబడేది. మళ్లీ కొలిమిలో పెట్టడం, మళ్లీ ఏవండీ. పక్కవాళ్ల చువ్వలు సగం సాగిపోయాయి, మాది వేసినచోటే ఉంది. ఇక ఉండబట్టలేక అతనొక్క అరుపు అరిచాడు.

"కొట్టు బావా, సల్లారిపోతంది!"

కొట్టేశాను. నిప్పురవ్వలు లేచాయి. పక్క కొలిమి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అతని మొహం కొలిమికన్నా ఎర్రబడింది, సారీ అండీ సారీ అండీ అంటున్నాడు. అన్నాళ్ల ఉక్రోషం నా నోటెంట ఒక్కసారే వచ్చింది.

"మళ్లీ అండీ అన్నావంటే మళ్లీ సల్లారిపోద్ది. సరిగ్గా పట్టుకో."

అంతే, ఆ మధ్యాహ్నానికి క్లాసంతటికీ నేను బావనైపోయాను. బావా ఈ లెక్క చూడు, బావా రేపు ఫిజిక్సు లేదంట. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. చిక్కల్లా నేను వాళ్లనేమని పిలవాలన్నదే. వాళ్లు నన్ను బావ అంటే నవ్వులాట, నేను వాళ్లలో ఒక్కడిని బావ అంటే మా ఇంట్లో పెళ్లి కబురు. అందుకని అందరినీ "గురూ" అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం పెదనాన్న వచ్చారు. బ్రాంచి మార్పు సంగతి ఇంకా అలాగే ఉంది. మనసు మారిందని నాన్నకి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. కాఫీలిస్తుండగా గేటు దగ్గర కేక: "బావా, డ్రాయింగు షీట్లు తెచ్చాను, రేపు టెస్టంట!" పెదనాన్న గుమ్మంలోకి వెళ్లి, ఈ ఇంట్లో బావలెవరూ లేరు బాబూ, ఎవరు కావాలి అన్నారు. "మా బావేనండి" అనేసి నాలిక్కరుచుకుని, "అదే, మీ అమ్మాయిగారు" అన్నాడు ఆ తరవాతి నంబరువాడు. పెదనాన్న చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. నాన్న మాత్రం పడీ పడీ నవ్వి, కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా అడిగారు, ఏటమ్మా, మార్చమంటావా అని. వద్దు నాన్నా అన్నాను. ఆయన అన్నగారి వైపు తిరిగారు.

"అన్నయ్యా, బ్రాంచీ గీంచీ మార్చక్కర్లేదు. దీనికి అక్కడ మనుషులు దొరికేసినారు."

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఇనుముతోనే బతికాను, సంతోషంగానే బతికాను. ఇదంతా జడ వేస్తూ మనవరాలికి చెబితే, వాళ్ల క్లాసులో సగం మంది ఆడపిల్లలేనట, గది మారితే అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయట, ఖాళీ హాల్లో కూర్చునే అవసరం ఎవరికీ రాదట. అంత చిన్న మాటకే అంత సంబరపడిపోయావా అమ్మమ్మా అని ఆశ్చర్యపోయింది. నిజమే, దాని కోసం ఎప్పుడూ మొహం వాచి ఉండని పిల్లకి అది చిన్న మాటే. అలా చిన్నదైపోవాలనే కదా మా తరం ఆడవాళ్లమందరం కోరుకున్నది. అయినా, బస్సు కిటికీలోంచి చెయ్యూపి అది వెళ్లిపోయాక, నాకెందుకో వెంటనే లోపలికి రాబుద్ధి కాలేదు.