రెండో పూత

ముప్పై ఏళ్లుగా గోడలకు టైల్స్ అతికిస్తున్న ఆయనను అందరూ రసమట్టం మేస్త్రి అంటారు. కూర్చునే పీటకైనా రసమట్టం పెట్టి వంకర చూసే రకమని ఆ పేరు. గోడలు ఇప్పటికీ తిన్నగానే వస్తున్నాయి, మోకాళ్లే మాట వినడం మానేశాయి.

ఈసారి టీచరమ్మ ఇంట్లో స్నానాల గది పని. తుంటి విరిగిన ఆమె తల్లి ఎల్లుండి ఆస్పత్రి నుంచి వస్తోంది. కూర్చుని స్నానం చేయడానికి వీలుగా మారుస్తున్న ఈ గది ఆవిడ కోసమే. గోడకు అవతల ఆవిడ మంచం.

సాయంత్రానికి నాలుగు వరసలు పూర్తయ్యాయి. మేస్త్రికి సిమెంటు కలిపిచ్చే ఆయన భార్య సామాను కడుగుతూ అడిగింది.

"ఈ మందు డబ్బా ఇంకా సగం ఉందేంటి?"

మేస్త్రి చేతిలో తాపీ ఆగిపోయింది. నీళ్లు దిగకుండా ప్లాస్టరింగు మీద ఆ మందు రెండుసార్లు పూయాలి. ఒకటి అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. పొద్దున ఒక పూత పూసి, మోకాళ్లు సలుపుతుంటే నడుం వాల్చాడు. లేచి, రెండో పూత సంగతి మరిచి నేరుగా టైల్స్ అందుకున్నాడు.

"టైల్స్ వెనకాల ఎవరు చూడొచ్చార్లే," అన్నాడు నీరసంగా.

"నీళ్లు చూస్తాయి. పైనున్నాయన చూస్తాడు. నీ మోకాళ్ల బాధ గోడకేం తెలుసు?"

ఆయన పక్కగదిలోకి చూశాడు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఇలాగే వదిలేస్తే ఏడాది తిరక్కుండా చెమ్మ సరిగ్గా ఆ తలగడ దగ్గరే దిగుతుంది. టీచరమ్మను పిలిచాడు.

"తప్పు చేశానమ్మా. ఒక పూత మరిచాను. అన్నీ ఊడదీయాలి. అనుకున్నదానికంటే ఇంకో మూడు రోజులు ఎక్కువ పడుతుంది."

ఆమె ముఖం చిన్నబోయింది. పక్కగదిలోని మంచం వైపు చూసింది.

"చిన్నప్పుడు స్నానమంటే నేను పారిపోయేదాన్ని. ఇప్పుడు తప్పించుకునే వంతు మా అమ్మది. మూడు రోజులు ఒళ్లు తుడిచి నెట్టుకొస్తాలెండి."

టైల్స్ వెనక సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పై వరసలు నిలబడే ఊడదీశాడు. భార్య ఒక్కో టైలూ అందుకుని నీళ్లలో వేసింది. కింది వరసకు వంగబోయి గోడ పట్టుకున్నాడు. టీచరమ్మ లోపలికెళ్లి ఒక దిండు తెచ్చి నేలమీద పెట్టింది.

"వద్దమ్మా, సిమెంటు అంటుతుంది."

"అంటనివ్వండి మేస్త్రిగారూ."

ఆయన దానిమీద మోకాళ్లు ఆనించి, తాపీ మొన గోడకూ టైలుకూ మధ్య దూర్చాడు.