మొట్టమొదట అన్న మాట

మొన్న వాన వెలిశాక మా ఊరి కాలేజీ లైబ్రరీ వరండాలో పాత సంపుటాలు ఎండకు పరిచారు. బైండు ఊడిన పుస్తకాల నుంచి మైదా జిగురూ, తడిసిన అట్టా కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన తగలగానే రాయపూర్ గుర్తొచ్చింది. ఊరి చివర ప్రభుత్వ వరి క్షేత్రం, రేకుల కప్పు కింద టైపు మిషను, దాని ముందు పంతొమ్మిదేళ్ల నేను. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడి క్వార్టర్లలో స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కూరగాయలు బేరమాడడానికి ఛత్తీస్‌గఢీ. నాకు వచ్చిన ఇంగ్లీషు టైపు పరీక్ష గట్టెక్కడానికి సరిపోయేంత. ఆ క్షేత్రంలో పురుగుల శాఖ చూసే సింహాద్రిరావుగారికి టైపిస్టు కావాలని తెలిసి వెళ్లి చేరాను.

ఆయనకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఎప్పుడు చూసినా పంట్లాం మడిచి, పిక్కల దాకా బురదతో ఉండేవారు. వరి మొవ్వును ఉల్లికాడలా గొట్టం చేసేసే పురుగు ఒకటుంది. మన వైపు ఉల్లికోడు అంటారు, అక్కడి రైతులు గంగయి అంటారు. అది పట్టిన మొక్క కంకి వెయ్యదు. పొలాల్లో వరే లేని ఎండాకాలంలో ఆ పురుగు ఎక్కడ బతుకుతోందన్నది ఆయన ప్రశ్న. ఆరేళ్లు చెరువులూ కుంటలూ తిరిగి, నీటి అంచున దానంతటదే మొలిచే అడవి వరిలో దాన్ని పట్టుకున్నారు. ఆ సంగతి వ్యాసంగా రాస్తే నేను టైపు చేశాను. కలకత్తాలోని ఒక శాస్త్ర పత్రికకు పంపాం. అది అచ్చయితే పై ఉద్యోగానికి ఆయన పేరు వెళుతుందని ఆఫీసులో అందరూ అనుకునేవారు.

మూడు నెలలకు వ్యాసం తిరిగొచ్చింది. పురుగు గురించి ఒక్క మాట లేదు. చివర ఇచ్చిన ఆధారాల పట్టిక తమ పద్ధతిలో లేదనీ, నెలలోగా సరిచేసి పంపమనీ ఉంది. జతచేసిన కాగితం నిండా నియమాలే. ఇంటిపేరు ముందు రాయాలి, ఆ తర్వాత పొడి అక్షరాలు, ఆ తర్వాత సంవత్సరం. పత్రిక పేరు ఎక్కడిదాకా కత్తిరించాలో, దేని కింద తిన్నని గీత గియ్యాలో, దేని కింద మెలికల గీత గియ్యాలో అన్నీ ఉన్నాయి. నేను ఒక్కో చోట ఒక్కో రకంగా కొట్టాను. ఇంటికెళ్లి చెబితే నాన్న అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి ఆపేసి, "నౌకరీ పోద్దేటే?" అన్నాడు.

మర్నాడు భయపడుతూనే వెళ్లాను. సింహాద్రిరావుగారు విత్తనాల పెట్టె అట్టలను చీటీలుగా కత్తిరిస్తున్నారు.

"తప్పు నీది కాదమ్మా సత్యవతీ. నేనెలా ఇచ్చేనో నువ్వు అలాగే కొట్టేవు. ఇద్దరం కూచుని మొదట్నించీ చేద్దాం," అన్నారు.

ఒక్కో ఆధారానికి ఒక్కో చీటీ. ఆయన అల్మారాలోంచి పుస్తకం తీసిస్తే నేను పేరూ, సంవత్సరం, పేజీ సరిచూసి చీటీ మూల ఎర్రసిరాతో చుక్క పెట్టాలి. "నీ కళ్లతో చూస్తేనే చుక్క పెట్టు. సారు చెప్పేరని పెట్టకు," అన్నారు. అంతవరకు నాతో ఏ పెద్దమనిషీ అలా అనలేదు. రెండో రోజున ఒక పేజీ నంబరు తప్పని భయపడుతూ చూపిస్తే, సంబరంగా నవ్వి తన చేత్తోనే దిద్దుకున్నారు. వారం తిరిగేసరికి ఒక్క చీటీ తప్ప అన్నిటికీ చుక్కలు పడ్డాయి.

"ఈ చీటీలో ఉన్న రిపోర్టు నాకు చూపించలేదండి," అన్నాను.

ఆయన ఆ చీటీ చేతిలోకి తీసుకున్నారు. "నేనూ చూళ్లేదమ్మా. ఇంకో ఆయన పుస్తకంలో దీని పేరు కనిపిస్తే ఎత్తి రాసేశాను," అని, అలాంటి పాత సర్కారు రిపోర్టులు ఉండే నాగపూర్ లైబ్రరీకి ఉత్తరం కొట్టమన్నారు.

పది రోజులకు జవాబొచ్చింది. అక్కడి లైబ్రరీ ఉద్యోగి ఎవరో ఆ రెండు పేజీలూ చేత్తో రాసి పంపాడు. టపా విప్పేది నేనే కాబట్టి ముందు నేనే చదివాను. సుఖరామ్ సాహు అనే ఫీల్డు అసిస్టెంటు, ఇరవై ఏళ్ల కిందటే, ఎండాకాలంలో అడవి వరిలో గంగయి పురుగును చూశానని రాశాడు. సింహాద్రిరావుగారి వ్యాసం మొదటి పేరాలో 'మొట్టమొదట' అన్న మాట ఉంది. దాన్ని టైపు చేసింది నేనే. ఆ కాగితాలు సొరుగులో పెట్టేసి మధ్యాహ్నం దాకా ఇవ్వలేకపోయాను. చివరికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, పొలంలోకి వెళ్లిపోయారు.

హెడ్ క్లర్కు దూబేజీ సంగతి తెలుసుకుని, ఆయన తిరిగొచ్చాక మెల్లగా నచ్చజెప్పబోయాడు. "రావు సాబ్, ఆ రిపోర్టు ఎవరు చదివారు? చెదలు ఎప్పుడో తినేసి ఉంటాయి. పట్టికలోంచి తీసేయండి, అంతే."

"నాగపూర్లో ఉంది కదా దూబేజీ. ఒకాయన కూర్చుని రాసి పంపాడు కదా," అన్నారు సింహాద్రిరావుగారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ 'మొట్టమొదట' కొట్టేయమ్మా. అక్కడ సాహు పేరు వెయ్యి," అన్నారు.  ఆయన ఆరేళ్ల కష్టం అది. నాకు ఏడుపొచ్చింది గానీ కాగితం ఎక్కించి కొట్టాను. పట్టికలో సాహు పేరు సరిచూసి, చీటీకి చుక్క పెట్టాను.

గడువుకు రెండు రోజుల ముందు పంపాం. ఈసారి సంపాదకుడు స్వయంగా రాశాడు. ఇరవై ఏళ్ల ఎడంలో, వేరు వేరు చోట్ల, ఇద్దరు ఒకే సంగతి చూశారు కాబట్టి ఇక సందేహానికి తావు లేదనీ, వ్యాసం వేసుకుంటున్నామనీ. ఆ ఉత్తరం చదివి సింహాద్రిరావుగారు చాలా రోజుల తర్వాత నవ్వారు.

సుఖరామ్ సాహు బతికే ఉన్నాడనీ, పక్క ఊరు మందిర్ హసౌద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడనీ మా క్షేత్రంలో నాట్లు వేసే ఆమె చెప్పింది. అచ్చు ప్రతులు రాగానే, నాన్నను అడిగి, నన్నూ వెంటబెట్టుకుని సింహాద్రిరావుగారు అక్కడికి బయల్దేరారు. ముసలాయన అరుగు మీద తాడు పేనుతున్నాడు. పట్టికలో ఆయన పేరు మీద నా వేలు పెట్టి చూపించాను. కళ్లకు దగ్గరగా పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, "మోర్ నామ్ ఉల్టా కాబర్ లిఖే హవ?" అని అడిగాడు. తన పేరు తిరగేసి ఎందుకు రాశారని.

పెద్ద పత్రికల్లో అందరి పేర్లూ అలాగే వేస్తారని హిందీలో చెప్పాను. "సబ్ కే?" అన్నాడు. అందరివీ అన్నాను. అప్పుడు సింహాద్రిరావుగారి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏ కుంట, ఏ నెల, ఎంత నీరు అని ఇద్దరూ మొదలుపెట్టారు. మేం ఎక్కవలసిన బండి వెళ్లిపోయింది. నేనూ గుర్తు చెయ్యలేదు.

పై ఉద్యోగం ఆయనకు ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాది వచ్చింది. బదిలీ మీద వెళ్లేముందు మా ఇంటికొచ్చి, నన్ను లైబ్రరీ పనిలో చదువుకు పంపమని నాన్నకు చెప్పి ఒప్పించారు. ఆ చదువే తర్వాత నాకు ముప్పై ఏళ్ల జీవితమైంది. అయితే ఆయన దగ్గర నేర్చుకున్నది లైబ్రరీకే ఆగిపోలేదు. ఎవరి మీదైనా ఏదైనా మాట పడితే, నలుగురూ తలాడిస్తున్నప్పుడు, "నేను చూడలేదు" అనడానికి ఇప్పటికీ నాకు మొహమాటం లేదు. మొదట్లో అలా అంటే జనం నన్ను వింతగా చూసేవారు. ఇప్పుడు మా వీధిలో తగాదా వస్తే ముందు నన్నే పిలుస్తారు.